కుక్క రొప్పితే కార్బన్ డయాక్సైడ్ పెరిగినట్టా, తగ్గినట్టా?

నిమిషానికి 300 సార్లు రొప్పుతున్న కుక్క రక్తంలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు మామూలుగానే ఉండొచ్చు. మత్తుమందు ప్రభావంలో ప్రశాంతంగా నిమిషానికి 8 సార్లు ఊపిరి తీస్తున్న కుక్కలో అదే వాయువు ప్రమాదకరమైన స్థాయికి చేరి ఉండొచ్చు. కుక్కల్ని పెంచేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. ఎందుకంటే ఈ విషయంలో మనం రెండు మాటలు వింటుంటాం. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఊపిరి వేగం పెరుగుతుందన్నది ఒకటి. వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందన్నది రెండోది. దేనికది సరైనదే. కానీ ఎదురుగా ఆయాసపడుతున్న కుక్కకు రెండూ కలిపి వర్తింపజేయబోతే జవాబు దొరకదు. దాని రక్తంలో ఆ వాయువు ఎక్కువైందా, తక్కువైందా?

ఊపిరి లెక్కపెట్టి ఆ జవాబు చెప్పడం కుదరదు. ఎందుకు కుదరదో తెలియాలంటే ముందు ఆ వాయువు ఒంట్లో చేసే పనేమిటో చూడాలి.

పారేయాల్సిన వాయువే, అయినా కొంత ఉండాలి

కణాలు ఆహారాన్ని కాల్చి శక్తిగా మార్చుకునేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. రక్తం దాన్ని ఊపిరితిత్తులకు మోసుకొస్తుంది. అక్కడి సన్నని గాలి తిత్తుల్లోకి, అంటే వాయుగోణుల్లోకి చేరి, ఊపిరి వదిలినప్పుడు బయటికి పోతుంది. బయటి గాలిలో ఈ వాయువు 0.04 శాతానికి కాస్త ఎక్కువ మాత్రమే. అందుకే లోపల ఉన్నది సులువుగా బయటికి వస్తుంది.

రక్తంలో దీని స్థాయిని పీడనంగా కొలుస్తారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ధమని రక్తంలో ఇది సుమారు 35 నుంచి 45 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. మెలకువగా ఉన్న కుక్కల్లో 37 దగ్గర కనిపించడం మామూలే. ఇకముందు 37 అనో 74 అనో అన్నప్పుడల్లా ఈ కొలతే అనుకోండి.

ఈ వాయువు నీటిలో కలిస్తే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. అది విడిపోయి హైడ్రోజన్ అయాన్లనూ బైకార్బొనేట్‌నూ ఇస్తుంది. అంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగితే రక్తం ఆమ్లం వైపు జరుగుతుంది, తగ్గితే క్షారం వైపు జరుగుతుంది. కుక్క రక్తం పీహెచ్ 7.4 చుట్టూ ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టుండి 37 నుంచి 74కి పెరిగితే పీహెచ్ దాదాపు 7.2కి పడిపోతుంది. గుండె, మెదడు, ఎంజైములు అన్నీ ఆ తేడాను అనుభవిస్తాయి. ఇంకా పెరిగి 90 దాటితే ఈ వాయువే మత్తుమందులా పనిచేసి కుక్కను స్పృహ తప్పేలా చేస్తుంది. కాబట్టి ఒళ్లు దీన్ని పూర్తిగా వదిలించుకోవాలని చూడదు, ఒక స్థాయిలో నిలబెట్టుకోవాలని చూస్తుంది.

మెదడుకు ఎలా తెలుస్తుంది

ఊపిరి లయను నడిపేది మెదడు కింది భాగంలోని మజ్జాముఖం. అక్కడ, ఉపరితలానికి దగ్గరగా, ఆమ్లత్వాన్ని పసిగట్టే కణాలున్నాయి. మెదడును కాపాడే అడ్డుగోడను రక్తంలోని హైడ్రోజన్ అయాన్లు తేలిగ్గా దాటలేవు. కార్బన్ డయాక్సైడ్ దాటుతుంది. దాటి, మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో కలిసి, అక్కడ ఆమ్లత్వాన్ని పెంచుతుంది. కణాలు స్పందిస్తాయి. డయాఫ్రమ్‌కూ పక్కటెముకల కండరాలకూ ఆదేశం వెళ్తుంది. ఊపిరి లోతూ పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది.

రెండో కాపలా మెడ దగ్గర ఉంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని రెండుగా చీలేచోట కరోటిడ్ బాడీ అనే చిన్న కణజాలం ఉంటుంది. ఆక్సిజన్ తగ్గడాన్ని ప్రధానంగా కనిపెట్టేది ఇదే. కార్బన్ డయాక్సైడ్‌నూ ఆమ్లాన్నీ కూడా కనిపెడుతుంది, పైగా మెదడులోని కణాల కన్నా త్వరగా.

ఈ జ్ఞానంలో చాలా భాగం కుక్కల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. బెల్జియం శాస్త్రవేత్త లియోన్ ఫ్రెడెరిక్ 19వ శతాబ్దం చివర్లో రెండు జంతువుల రక్తప్రసరణను అడ్డంగా కలిపాడు. మొదటిదాని రక్తం రెండోదాని తలకు వెళ్లేలా చేసి, మొదటిదాని శ్వాసనాళాన్ని మూసేస్తే ఆయాసపడింది రెండోది. ఊపిరిని నడిపే సంకేతం రక్తంలోనే ఉందని అలా తేలింది. ఆ సంకేతంలో కార్బన్ డయాక్సైడ్‌దే పెద్ద పాత్ర అని హాల్డేన్, ప్రీస్ట్‌లీ 1905లో మనుషుల మీద చూపించారు. మెడ దగ్గరి గ్రాహకాల సంగతి కుక్కల్లో బయటపెట్టిన కార్నెల్ హేమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ప్రయోగాలు చదవడానికే కష్టంగా ఉంటాయి. ఈ రోజు మత్తు ఇచ్చే ప్రతి కుక్కను కాపాడుతున్న జ్ఞానం వాటి నుంచి వచ్చిందన్నదీ నిజమే.

ఆక్సిజన్ మాటేమిటి? మామూలు పరిస్థితుల్లో ఊపిరిని నిమిషం నిమిషం సర్దేది అది కాదు. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 మిల్లీమీటర్ల కిందికి పడేదాకా దాని ఒత్తిడి స్వల్పమే, ఆ తర్వాతే గట్టిగా పనిచేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగినా చాలు, ఊపిరి మారుతుంది.

పీల్చే గాలిలోనే ఈ వాయువు ఎక్కువగా ఉంటే ఏమవుతుందో చూపే విచిత్రమైన ఉదాహరణ ఇటలీలో ఉంది. నేపుల్స్ దగ్గర ఒక చిన్న అగ్నిపర్వత గుహను కుక్కల గుహ అంటారు. గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువైన కార్బన్ డయాక్సైడ్ దాని నేల మీద పరుచుకుని ఉండేది. నిలబడిన మనిషికి ఏమీ కాదు, నేలకు దగ్గరగా ఉన్న కుక్క స్పృహ తప్పేది. గైడ్లు పర్యాటకులకు దీన్ని తమాషాగా చూపించి, కుక్కను బయటికి లాగి పక్కనున్న చెరువులో ముంచి లేపేవాళ్లు. ఆ గాలిలో కుక్క ఎంత వేగంగా ఊపిరి తీసినా లాభం లేదు. లోపలికి వచ్చే గాలిలోనే ఆ వాయువు నిండి ఉంటే బయటికి పోయే దారే మూసుకుపోతుంది.

ఒకే కుక్క, నాలుగు లెక్కలు

అసలు చిక్కుముడి విడిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఒక ఊపిరిలో లోపలికి వెళ్లిన గాలంతా వాయుగోణుల దాకా చేరదు. ముక్కు, గొంతు, శ్వాసనాళం, దాని కొమ్మలు కొంత గాలిని పట్టుకుంటాయి. అక్కడ రక్తంతో వాయువుల మార్పిడి జరగదు. దీన్ని డెడ్ స్పేస్ అంటారు. పొడవాటి పైపులోంచి నీళ్లు పట్టుకుంటే ముందుగా వచ్చేది పైపులో నిలవున్న నీళ్లే కదా, ఇదీ అంతే. ప్రతి ఊపిరిలోనూ ముందు లోపలికి వెళ్లేది గొట్టాల్లో మిగిలిన పాత గాలి.

20 కిలోల కుక్కను తీసుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి దాని డెడ్ స్పేస్ 100 మిల్లీలీటర్లు అనుకుందాం. కార్బన్ డయాక్సైడ్ పుట్టే వేగం అన్ని సందర్భాల్లోనూ ఒకటే అనుకుందాం.

మొదటిది, విశ్రాంతి. ఊపిరికి 300 మిల్లీలీటర్లు, నిమిషానికి 20 సార్లు. మొత్తం కదిలిన గాలి 6,000 మిల్లీలీటర్లు. ఊపిరికి 100 చొప్పున డెడ్ స్పేస్‌కు పోగా వాయుగోణులకు చేరింది 200 × 20 = 4,000. కార్బన్ డయాక్సైడ్ 37.

రెండోది, నెమ్మదిగా, లోతుగా. 500 మిల్లీలీటర్లు, నిమిషానికి 10 సార్లు. మొత్తం 5,000. వాయుగోణులకు చేరింది 400 × 10 = 4,000. వేగం సగానికి పడిపోయింది, మొత్తం గాలీ తగ్గింది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం అదే 37.

మూడోది, జబ్బుపడి పైపైన ఊపిరి తీయడం. 140 మిల్లీలీటర్లు, నిమిషానికి 50 సార్లు. మొత్తం 7,000, అంటే విశ్రాంతిలో కన్నా ఎక్కువే. కానీ వాయుగోణులకు చేరింది 40 × 50 = 2,000. సగం. వాయుగోణులకు చేరే గాలి సగమైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపవుతుంది. 74.

నాలుగోది, రొప్పడం. 115 మిల్లీలీటర్లు, నిమిషానికి 300 సార్లు. మొత్తం 34,500, విశ్రాంతిలో కన్నా దాదాపు ఆరు రెట్లు. వాయుగోణులకు చేరింది 15 × 300 = 4,500. అంటే ఎనిమిదో వంతు మాత్రమే ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్ 37 నుంచి 33 దగ్గరికి దిగుతుంది, అంతే.

నిజమైన ఊపిరితిత్తుల్లో గాలి ఇంత శుభ్రంగా విడిపోదు. ముఖ్యంగా అంత వేగంగా కదిలేటప్పుడు గొట్టాల్లోనే కొంత కలిసిపోతుంది. అయినా ఈ నాలుగు వరుసలు ఒక సంగతిని తేలుస్తాయి. కార్బన్ డయాక్సైడ్ స్థాయిని నిర్ణయించేది వాయుగోణులకు చేరే గాలి. వేగం అందులో ఒక ముక్క మాత్రమే. మూడో కుక్కా నాలుగో కుక్కా రెండూ వేగంగానే ఊపిరి తీస్తున్నాయి, ఒకదాంట్లో ఆ వాయువు రెట్టింపైంది, ఇంకోదాంట్లో తగ్గింది.

రొప్పడం ఊపిరి కోసం కాదు

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల మెత్తలు తడవడం తప్ప ఆ దారిలో పెద్దగా వేడి పోదు. అందుకే అది నోరు, నాలుక, ముక్కు లోపలి తడిని ఆవిరి చేసి చల్లబడుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి పోతుంది. ఇక్కడ కేలరీ అంటే ఆహారం ప్యాకెట్ల మీద కనిపించే కిలోకేలరీ కాదు, చిన్నది. ఈ పనికి ఆదేశమిచ్చేది ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం, హైపోథలామస్. కార్బన్ డయాక్సైడ్‌కు ఇందులో ప్రమేయం లేదు.

మరి అంత గాలి కదిపితే వాయువు అతిగా పోయి రక్తం క్షారంగా మారాలి కదా? ఆ ప్రమాదాన్ని తప్పించేదే పైన చూసిన నాలుగో లెక్క. ఊపిరి పరిమాణం డెడ్ స్పేస్‌కు కాస్త పైన మాత్రమే ఉంటుంది. గాలి తడి పొరల మీద విపరీతంగా తిరుగుతుంది, వాయుగోణుల దాకా వెళ్లేది కొంచెమే. నట్ ష్మిట్-నీల్సన్ బృందం 1970లో చూపించిన ఇంకో సంగతి ఉంది. రొప్పే కుక్క చాలావరకు ముక్కుతో పీల్చి నోటితో వదులుతుంది. పీల్చిన దారినే వదిలితే ముక్కు పొరలు ఊపిరిలోని వేడినీ తడినీ తిరిగి లాగేసుకుంటాయి. నోటితో వదిలితే ఆ వేడి బయటికే పోతుంది.

రొప్పే వేగం కూడా ఇష్టమొచ్చినట్టు ఉండదు. ఛాతీకీ ఊపిరితిత్తులకూ సాగే గుణం వల్ల ఒక సహజమైన ఊగిసలాట వేగం ఉంటుంది, కుక్క దాదాపు ఆ వేగంలోనే రొప్పుతుంది. అందుకే కండరాలకు శ్రమ తక్కువ, ఆ శ్రమ వల్ల పుట్టే వేడీ తక్కువ. వేగం మెల్లగా పెరగకుండా మామూలు ఊపిరి నుంచి ఒక్కసారిగా రొప్పులోకి మారడం చాలా కుక్కల్లో కనిపించేది ఇందుకే.

ఈ ఏర్పాటుకు హద్దుంది. వేడి భరించరానంతగా పెరిగితే రొప్పు రెండో దశకు చేరుతుంది. వేగం కాస్త తగ్గి ఊపిరి లోతు పెరుగుతుంది. ఇప్పుడు గాలి వాయుగోణుల్ని కూడా ఊడ్చేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ బాగా పడిపోతుంది, రక్తం క్షారంగా మారుతుంది. వడదెబ్బ తిన్న కుక్కల్లో ఇది తరచూ కనిపిస్తుంది. కణజాలం దెబ్బతిని లాక్టిక్ ఆమ్లం చేరితే దానికి తోడు ఆమ్లత్వం కూడా మొదలై రక్త పరీక్ష ఫలితం గందరగోళంగా ఉంటుంది. ఇలాంటి కుక్కకు కార్బన్ డయాక్సైడ్ నిలబెట్టాలని కాగితపు సంచిలో ఊపిరి తీయించాలన్న ఆలోచన అక్కడక్కడా వినిపిస్తుంది. వేడి వల్ల రొప్పుతున్న కుక్కకు చల్లబడే ప్రధానమైన దారిని అది మూసేస్తుంది.

మూసిన కారు విషయంలోనూ చాలామంది గాలి చాలదేమో, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుందేమో అనుకుంటారు. కారు పూర్తిగా గాలి చొరబడకుండా ఉండదు. అక్కడ కుక్కను ముందుగా చంపేది వేడి.

వేగం పెంచే ఇతర కారణాలు

భయం, నొప్పి, ఉత్సాహం, జ్వరం ఇవన్నీ ఊపిరి వేగాన్ని పెంచుతాయి, వీటిలో ఏదీ కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల కాదు. హైడ్రోమార్ఫోన్ లాంటి కొన్ని నొప్పి మందులు ఇచ్చినప్పుడు కుక్కలు రొప్పడం పశువైద్యులు రోజూ చూసేదే. ఒళ్లు ఎంత వేడిగా ఉండాలన్న గురి కిందికి జరిగినట్టు మెదడు ప్రవర్తిస్తుంది కాబట్టి వేడి లేకపోయినా కుక్క చల్లబడే ప్రయత్నం చేస్తుంది. అదే రకం మందు ఇంకోవైపు కార్బన్ డయాక్సైడ్‌కు మెదడు స్పందించే తీరును మందగింపజేస్తుంది.

ఇంకో ముఖ్యమైన కారణం రక్తంలో వేరే ఆమ్లాలు చేరడం. షుగర్ వ్యాధి ముదిరి కీటోన్లు పేరుకున్న కుక్క లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంది. చేరిన ఆమ్లాన్ని సరిచేయడానికి కార్బన్ డయాక్సైడ్‌ను కావాలనే తగ్గించుకోవడం ఇది. కుక్కల్లో దీనికి ఒక అంచనా సూత్రం వాడతారు. బైకార్బొనేట్ లీటరుకు 1 మిల్లీ ఈక్వివలెంట్ తగ్గితే కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.7 తగ్గాలి. బైకార్బొనేట్ 22 నుంచి 12కి పడిందనుకోండి. తేడా 10. కార్బన్ డయాక్సైడ్ 7 తగ్గి 30 దగ్గర ఉండాలి. పరీక్షలో 30 బదులు 40 వచ్చిందంటే, పైకి మామూలు అంకెలా కనిపించే ఆ 40 నిజానికి చెడ్డ వార్త. సర్దుబాటు చేయాల్సిన ఊపిరి చేయలేకపోతోందన్నమాట.

న్యుమోనియాలోనూ ఇలాంటి మలుపే ఉంది. కార్బన్ డయాక్సైడ్ కణజాలం గుండా ఆక్సిజన్ కన్నా సుమారు 20 రెట్లు తేలిగ్గా పాకుతుంది. అందువల్ల ఊపిరితిత్తులు పాడైనప్పుడు ముందు దెబ్బతినేది ఆక్సిజన్. అది తగ్గిందని కుక్క వేగంగా ఊపిరి తీస్తుంది, కార్బన్ డయాక్సైడ్ మామూలు కన్నా కిందికి పోతుంది. గంటల తరబడి ఆయాసపడిన కుక్కలో 28 ఉన్నది 40కి వచ్చిందంటే కోలుకుంటోందని సంబరపడటానికి లేదు, కండరాలు అలిసిపోతూ ఉండొచ్చు.

ఆక్సిజన్ అంకె బాగున్నా

నాలుకకు క్లిప్ పెట్టి చూసే పల్స్ ఆక్సీమీటర్ 98 శాతం చూపిస్తే ఊపిరి బాగానే ఉందనుకోవడం సహజం. మత్తులో ఉండి ఆక్సిజన్ అందుకుంటున్న కుక్క విషయంలో ఇది మోసం చేస్తుంది.

సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 760. అందులో నీటి ఆవిరి వాటా 47 తీసేస్తే 713. దానిలో 21 శాతం ఆక్సిజన్, అంటే 150. వాయుగోణుల్లో కార్బన్ డయాక్సైడ్ ఆక్రమించిన మేరకు ఇది తగ్గుతుంది. ఆ తగ్గింపు కార్బన్ డయాక్సైడ్‌ను 0.8తో భాగిస్తే వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ 40 ఉంటే 50 తగ్గి ఆక్సిజన్ 100 మిగులుతుంది. అది 80కి పెరిగితే 100 తగ్గి 50 మాత్రమే మిగులుతుంది. మామూలు గాలి పీల్చే కుక్కలో ఆక్సీమీటర్ ఈ తేడాను పట్టేస్తుంది.

ఇప్పుడు అదే కుక్కకు 100 శాతం ఆక్సిజన్ ఇవ్వండి. 713లోంచి 80 పోయినా 630 పైగా మిగులుతుంది. ఆక్సీమీటర్ నిక్షేపంగా 98, 99 చూపిస్తుంది. రక్తం మాత్రం ఆమ్లంగా మారుతూ ఉంటుంది. ఐసోఫ్లురేన్ లాంటి మత్తు వాయువులు మెదడు స్పందనను అణచేస్తాయి కాబట్టి 80 ఉన్నా ఊపిరి పెరగదు. శస్త్రచికిత్స గదిలో క్యాప్నోగ్రాఫ్ వాడేది అందుకే. ఊపిరి వదలడం పూర్తయ్యే క్షణంలో వచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతో అది చూపిస్తుంది. మామూలుగా అది రక్తంలోని స్థాయి కన్నా 2 నుంచి 5 తక్కువ ఉంటుంది.

దానికీ ఒక గుడ్డి చోటు ఉంది. కుక్క పైపైన వేగంగా ఊపిరి తీస్తుంటే చివర్లో వచ్చేది కూడా గొట్టాల్లోని గాలే. యంత్రం 22 అని చూపిస్తుంటే రక్తంలో 60 ఉండొచ్చు. అలాంటప్పుడు ధమని రక్త పరీక్ష తప్ప నమ్మకమైన దారి లేదు.

పొట్టి ముక్కు జాతులు

పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఇంగ్లిష్ బుల్‌డాగ్ లాంటి వాటికి ముక్కు రంధ్రాలు ఇరుకు, అంగిలి మెత్తని భాగం పొడవు. ఇలాంటి కుక్కల ధమని రక్తంలో ఆక్సిజన్ కాస్త తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ కాస్త ఎక్కువగా ఉంటుందని పరిశీలనల్లో తేలింది. స్థాయి చాలాకాలం ఎక్కువగా ఉంటే మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను నిలబెట్టి పీహెచ్‌ను సరిచేస్తాయి. మెదడు చుట్టూ ఉన్న ద్రవం కూడా ఆ కొత్త స్థాయికి అలవాటు పడుతుంది. అప్పుడు 48 కూడా దానికి అలారం కాదు. రొప్పడానికి గాలి దారి కావాలి, వీటికి ఉన్నదే ఆ దారి ఇరుకు, కాబట్టి వేడిలో ముందు కూలబడేవి ఇవే.

ఇంకా తేలనిది

కార్బన్ డయాక్సైడ్‌కు వచ్చే స్పందనలో ఎక్కువ భాగం మెదడులోని కణాలదేనని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మెదడు కణాల వాటా, మెడ దగ్గరి గ్రాహకాల వాటా విడివిడిగా వచ్చి కూడుకుంటాయన్నది ఒక వాదం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మత్తు లేకుండా మెలకువగా ఉన్న కుక్కల మీద చేసిన పరిశోధన వేరే మాట చెప్పింది. కరోటిడ్ బాడీకి వెళ్లే రక్తాన్ని విడిగా అదుపు చేస్తే, మెదడు కణాల సున్నితత్వమే మారింది. అంటే మెడ నుంచి వచ్చే సంకేతం మెదడు స్పందనను హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. మనుషుల్లో చేసిన కొన్ని ప్రయోగాలు మాత్రం మొదటి వాదానికే దగ్గరగా ఉన్నాయి. పద్ధతులు వేరు, జాతులు వేరు కాబట్టి రెండిటినీ నేరుగా పోల్చడం కష్టం. అయినా కుక్కల వరకైతే విస్కాన్సిన్ ఆధారమే బలంగా ఉందని నాకనిపిస్తుంది.

పరుగు సంగతి ఇంకా ఆసక్తికరం. పరుగెత్తే కుక్క కండరాల్లో కార్బన్ డయాక్సైడ్ ఎన్నో రెట్లు పుడుతుంది. కాబట్టి రక్తంలో అది పెరిగి ఊపిరిని పరుగెత్తించాలి. కొలిచి చూస్తే ధమని రక్తంలో అది పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఊపిరి అడుగు కదలగానే పెరుగుతుంది, రక్తంలో ఏ మార్పూ రాకముందే. కదలమని ఆదేశమిచ్చే మెదడు భాగమే ఊపిరికీ చెబుతుందా, కాళ్ల నరాల నుంచి కబురు వస్తుందా అన్నది వందేళ్లకు పైగా నలుగుతున్న ప్రశ్న.

నిద్రలో లెక్కపెట్టే అంకె

గుండె జబ్బున్న కుక్కల్లో పశువైద్యులు నిద్రపోతున్నప్పటి ఊపిరి వేగం అడుగుతారు. నిమిషానికి 30 లోపు ఉండటం మామూలు, అది పదేపదే 30 దాటుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో అని అనుమానిస్తారు. నిద్రలోనే ఎందుకంటే వేడి, భయం, ఉత్సాహం, ఆట అన్నీ పక్కకు తప్పుకుంటాయి. గాఢనిద్రలో ఊపిరిని నడిపేది దాదాపు కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే.

అలాగని 30 దాటిన అంకె ఆ వాయువు పెరిగిందని చెప్పదు. నీరు చేరిన ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. దాన్ని లోతుగా సాగదీయడానికి కండరాలు ఎక్కువ శ్రమపడాలి. తక్కువ శ్రమతో పని గడవాలంటే చిన్న ఊపిరులు ఎక్కువసార్లు తీయాలి. ఊపిరితిత్తి గోడల్లోని నరాలు కూడా ఆ నీటిని పసిగట్టి వేగాన్ని పెంచుతాయి. ఆ రాత్రి కుక్క రక్తం పరీక్షిస్తే కార్బన్ డయాక్సైడ్ మామూలుగా, లేదంటే మామూలు కన్నా తక్కువగా కనిపించే అవకాశమే ఎక్కువ.